జులైలో వాలై ఎక్కడ ఉంటుంది? యాభై అడుగుల గుంటలో మాత్రం కాదు

మీరు రాసినదంతా ఒకచోట పెట్టుకుంటే సంగతి ఇదీ. మినియాపోలిస్‌కు కొత్తగా వచ్చారు. మే, జూన్ నెలల్లో ఒడ్డు నుంచి వేసిన గాలానికి వాలై, బాస్ అనే ఇక్కడి మంచినీటి చేపలు రెండూ పడ్డాయి. జులై రాగానే ఆగిపోయాయి. ఎండాకాలం చేపలు లోతుకు పోతాయని ఎవరో చెప్పగా అద్దె పడవ తీసుకుని, సరస్సు మధ్యలో యాభై అడుగుల గుంట మీద నిలబడి, నేలకు ఆనేదాకా ఎర దించారు. ఏమీ ముట్టలేదు. ఉత్తరాన ఇంకో సరస్సులో ముప్పై అయిదు అడుగుల నుంచి లాగిన చిన్న వాలైలను వదిలితే అవి వెల్లకిలా తేలాయి. ఇప్పుడు ఖరీదైన సోనార్ (నీటి లోతును, చేపలను తెర మీద చూపే యంత్రం) కొనాలా, అసలు లోపం ఎక్కడుంది, ఈ చేప పులుసుకు పనికొస్తుందా అని అడుగుతున్నారు.

మీకు చెప్పిన మాట సగమే నిజం. చేపలు లోతుకు పోతాయి, కానీ ఒక హద్దు దాకానే. ఆ హద్దు కింద ఉన్న నీళ్లు జులై చివరికల్లా చాలా సరస్సుల్లో చేపకు ఊపిరాడని నీళ్లు. మీ ఎర దిగింది అక్కడికి. ఎరలో లోపం లేదు, మీ చేతిలోనూ లోపం లేదు. అక్కడ తినేవారే లేరు. కాబట్టి ఎండాకాలం ఏ సరస్సుకు వెళ్లినా రాడ్డు, రీలు, జిగ్గు (తల దగ్గర బరువు పోసిన కొక్కెం) రంగుల చర్చ కన్నా ముందు తేల్చుకోవలసింది ఒక్క అంకె: ఆ సరస్సులో, ఆ వారంలో, హద్దు ఎన్ని అడుగుల దగ్గర ఉంది?

ఆ హద్దు ఎలా ఏర్పడుతుందో తెలిస్తే మిగతాదంతా మీకే తడుతుంది. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా వేడెక్కే కొద్దీ తేలికవుతుంది. వసంతంలో మంచు కరిగాక కొన్నాళ్లు సరస్సు మొత్తం ఇంచుమించు ఒకే చలిలో ఉంటుంది కనుక గాలి వీస్తే పైనుంచి కిందిదాకా కలిసిపోతుంది. మే, జూన్ ఎండలకు పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే నిలిచిపోతాయి. తర్వాత ఎంత గాలి వీచినా ఆ పై పొర వరకే కలుస్తుంది. జులై వచ్చేసరికి పైన 75 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న వెచ్చని పొర, దాని కింద అడుగడుగుకూ చల్లబడిపోయే పలుచని పట్టీ, దాని కింద చీకట్లో చల్లని నీరు. నడుమనున్న ఆ పట్టీనే థర్మోక్లైన్ అంటారు. నేను హద్దు అంటున్నది దాన్నే.

కింది పొరకు పైగాలి తగలదు. వెలుతురు అందదు కాబట్టి మొక్కలూ ఉండవు. పైన చచ్చిన నాచు, పురుగు, ఆకు అంతా అక్కడికే రాలి కుళ్లుతుంది. ఆ కుళ్లు ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువులు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. అక్కడ రాత్రిళ్లు ఏరేటర్లు తిప్పేది దేనికి? నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లవారేసరికి సరుకంతా తేలుతుందనే కదా. ఇక్కడి సరస్సు అడుగున ఏరేటర్ తిప్పే రైతు లేడు. శరదృతువులో పైనీళ్లు చల్లబడి మళ్లీ మొత్తం కలిసేదాకా ఆ పొర మూత పెట్టినట్లే ఉంటుంది. పైగా కొర్రమీనులా పైకి వచ్చి గాలి మింగే విద్య వాలైకి లేదు.

ఇక వాలై ఇబ్బంది చూడండి. దానికి హాయిగా ఉండేది సుమారు 65 నుంచి 70 డిగ్రీల నీరు. పైన అంతకన్నా వేడి, కింద ఊపిరాడదు. అందుకని హద్దుకు సరిగ్గా పైన ఉన్న అయిదారు అడుగుల మందంలోకి వచ్చి ఇరుక్కుంటుంది. మీకు అదృష్టం అదే. సరస్సంతా వెతకనక్కర లేదు. ఆ అయిదారు అడుగుల పొర నేలను ఎక్కడ తాకుతుందో అక్కడ వెతికితే చాలు.

అంకె కనుక్కోవడం ఎలా అంటే, సోనార్ ఉంటే రెండు నిమిషాల పని. సరస్సులో బాగా లోతైన చోటికి వెళ్లి పడవ ఆపండి. సోనార్‌లో సెన్సిటివిటీని మామూలుగా ఉంచే దానికన్నా పెంచండి. తెర మొత్తం చుక్కలు చుక్కలుగా మురికిపడుతుంది, పరవాలేదు. కాసేపు చూస్తే ఆ మురికిలో నేలకు సంబంధం లేకుండా, పడవ ఎటు పోయినా ఒకే లోతులో సాగే మసక చార ఒకటి తేలుతుంది. నీటి సాంద్రత మారే చోటు అది, అక్కడే చేరిన సూక్ష్మజీవులు కూడా. ఆ చారలోనూ, దానికి పైనా చేపల గుర్తులు కనిపిస్తాయి. కింద నేలదాకా ఖాళీ. చార 22 అడుగుల దగ్గర ఉంటే మీ అంకె 22.

సోనార్ లేకపోతే దారానికి థర్మామీటరు, దాని కింద బరువు కట్టి అయిదేసి అడుగులకు ఒకసారి దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి, చకచకా లాగి చూడండి. పైకి వచ్చేలోపు ఒకటి రెండు డిగ్రీలు తేడా వస్తుంది, అయినా ఎక్కడ దభీమని పడిందో దాచలేదు. అదీ లేకపోతే నీటి రంగే గుర్తు. ఎర నాలుగైదు అడుగులకే కంటికి కనబడకుండా పోయే పచ్చని నీళ్లలో హద్దు పైకి ఉంటుంది. లోతుగా కనబడే తేట నీళ్లలో కిందికి దిగుతుంది. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టుపక్కల సరస్సుల్లో నడివేసవిలో చాలావాటికి ఇది సుమారు ఇరవై అడుగులకు అటూ ఇటూ. ఒకే సరస్సులో కూడా తేడాలుంటాయి. మినెటాంకా చూడండి, అది ఎన్నో బేలు (ఒడ్డులోకి చొచ్చుకుపోయిన నీటి పాయలు) కలిసిన సరస్సు. బురదా నాచూ ఎక్కువైన బేలలో చేప పైకి వచ్చేస్తుంది, తేట బేలలో కిందికి పోతుంది. దాని అత్యధిక లోతు 113 అడుగులని మ్యాపులో చూసి సంబరపడవద్దు. ఆగస్టులో వాలైకి దక్కేది దాని పైభాగమే.

అంకె చేతికి వచ్చాక మ్యాపు తీయండి. మిన్నెసోటా డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) వెబ్‌సైట్‌లో లేక్‌ఫైండర్ అని ఉంది. సరస్సు పేరు కొడితే లోతు గీతలున్న మ్యాపు, ఏ చేపలు ఎన్ని ఉన్నాయో వలలు వేసి చూసిన సర్వే వివరాలు, ఎప్పుడు ఏ చేప పిల్లలను వదిలారో అన్నీ ఉచితంగా వస్తాయి. నేల 22 అడుగుల కన్నా లోతున్న ప్రదేశమంతా పెన్సిలుతో కొట్టేయండి. మీరు పడవ ఆపిన యాభై అడుగుల గుంట మొదట పోతుంది. మిగిలిన దాంట్లో 12 నుంచి 22 అడుగుల మధ్య నేల ఆకారం ఎక్కడ మారుతోందో చూడండి: లోతు నడుమ లేచిన గుట్టలు, ఒడ్డు నుంచి లోపలికి చొచ్చుకుపోయిన నేల ముక్కులు, నీటి మొక్కలు ఆగిపోయే అంచు. అందులోనూ పక్కనే గబుక్కున లోతు పడిపోయేవి మేలు. ఒక మోస్తరు సరస్సులో ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఈ సూత్రం పనిచేయని సరస్సులు కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి మీకు దగ్గరిదే కాబట్టి చెప్పాలి. మిల్ లాక్స్ సరస్సు విస్తీర్ణం లక్షా ముప్పై వేల ఎకరాల పైచిలుకు, కానీ అత్యధిక లోతు 42 అడుగులే. అంత వెడల్పు మీద గాలి వీస్తే నీళ్లన్నీ కలిసిపోతాయి, పొర నిలకడగా నిలవదు. అక్కడ వేసవి వాలై సరస్సు నడిబొడ్డున ఉన్న బురద మిట్టల అంచులకు చేరుతుంది, ఆ బురదలో మేఫ్లై పురుగుల పిల్లలు పుట్టలు పుట్టలుగా ఉంటాయి కనుక. ఉత్తరాన కెనడా సరిహద్దు వైపు రాతి సరస్సుల్లో నీళ్లలో ఎరువు తక్కువ, కుళ్లేది తక్కువ. కింది పొరలో ఆగస్టులోనూ ఆక్సిజన్ ఉంటుంది, అందుకే అక్కడ చల్లని నీళ్ల చేప లేక్ ట్రౌట్ బతుకుతుంది. క్లీవ్‌లాండ్ వైపు ఉన్న మనవాళ్లు ఇది చదువుతుంటే, ఈరీ సరస్సు మధ్య భాగంలో ప్రతి వేసవిలో అడుగున ఆక్సిజన్ పడిపోయే ప్రాంతం ఏర్పడుతుంది. హద్దు సూత్రం మీకూ వర్తిస్తుంది.

"మరి హద్దు పైన వేసినా పడలేదే" అనే రోజులూ వస్తాయి. జులైలో చేప నీరసపడి తినడం మానేస్తుందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. నీరు వెచ్చగా ఉంటే దాని ఒంటికి ఆకలి ఎక్కువే. కాకపోతే ఆ ఏడాది పుట్టిన పెర్చ్ అనే చేప పిల్లలు అప్పటికి వేలెడు సైజుకు వచ్చి సరస్సంతా ఉంటాయి. పొద్దుగూకే వేళ అరగంట తిరిగితే కడుపు నిండిపోతుంది. మీ ఎర ఆ అరగంటలో అక్కడ ఉండాలి. వాలై కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంది, మసక వెలుతురులో పెర్చ్ కన్నా దానికి బాగా కనబడుతుంది. తన వేట వేళ అదే. జూన్ చివర మినియాపోలిస్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది గంటలకు. చాలామంది ఏడింటికే భోజనాల వేళ అయిందని పడవ ఒడ్డుకు తెచ్చేస్తారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. దోమలకు మందు రాసుకుని ఉండిపోండి. పట్టపగలు వెళ్లక తప్పకపోతే గాలి వీచే రోజు చూసుకోండి. అలలు వెలుతురును చెదరగొడతాయి. గాలి తగిలే వైపు గుట్టే మీది, వెనక వైపు నిశ్శబ్దంగా, హాయిగా ఉన్నది కాదు. జీబ్రా మస్సెల్స్ అనే, నీళ్లను వడకట్టే చిన్న ఆల్చిప్పలు చేరి నీళ్లు తేటబడిన సరస్సుల్లో ఈ నియమం ఇంకా గట్టిది. మిల్ లాక్స్‌లో వాటిని 2005లో కనుగొన్నారు, ఆ తర్వాత అక్కడ పగటి చేప కష్టమైంది.

ఇప్పుడు పట్టే పద్ధతి. పనిముట్లు పది రకాలు అమ్ముతారు. వేసవి వాలైకి ఒక్కటే నేర్చుకోమంటే నేను లిండీ రిగ్ అంటాను. మిన్నెసోటాలోనే బ్రెయినర్డ్ ఊళ్లో 1960ల చివర పుట్టింది. దారం మీద జారిపోయే బరువు, దాని కింద చిన్న స్వివెల్ (దారం మెలి పడకుండా తిరిగే కడియం), స్వివెల్ నుంచి నాలుగైదు అడుగుల సన్నని దారం, చివర 6 లేదా 8 నంబరు కొక్కెం. పదిహేను అడుగుల లోపు అయితే పావు ఔన్సు బరువు, ఇరవై దాటినా గాలి ఉన్నా అర ఔన్సు. ఎరకు జలగ.

జలగ అనగానే మొహం చిట్లించకండి. ఇక్కడ ఎర దుకాణాల్లో అమ్మే రిబ్బన్ జలగ మన పొలాల్లో కాలికి పట్టే రకం కాదు. వేలికి అంటుకుంటుంది, రక్తం తాగదు. దానికి ఒక చివర వెడల్పుగా అంటుకునే బిళ్ల ఉంటుంది, కొక్కెం ఆ బిళ్లలోంచి ఒకసారి గుచ్చి వదిలేయండి. నీళ్లలో వేయగానే రిబ్బనులా సాగి ఈదాలి. ఉండ చుట్టుకుని పడి ఉంటే తీసి ఇంకొకటి పెట్టండి. జలగ దొరకకపోతే నైట్‌క్రాలర్ అనే పెద్ద వానపాము, తల దగ్గర ఒక్కసారి గుచ్చి.

పడవను గంటకు అర మైలు నుంచి ఒక మైలు వేగంలో, 18 నుంచి 22 అడుగుల గీత వెంట పోనివ్వండి. ఫోనులో వేగం కనబడుతుంది. రీలు బెయిల్ (దారాన్ని ఆపే తీగ కమ్మీ) తెరిచి దారాన్ని చూపుడు వేలి మీద పట్టుకోండి. నేల మీద బరువు నడుస్తుంటే వేలికి అంతా తెలుస్తుంది. టక్కుటక్కుమంటే రాయి. జిగటగా లాగితే బురద. పట్టి సాగి తెగినట్లు వదిలితే మొక్క. రాయి బురదగా మారే చోట ఎక్కువసేపు తిరగండి. వాలై అందుకున్నప్పుడు బాస్ కొట్టినట్లు కొట్టదు. తడిగుడ్డ తగులుకున్నట్లు దారం ఉన్నట్టుండి బరువెక్కుతుంది, అంతే. ఆ క్షణంలో వేలు ఎత్తేయండి. బరువు నేల మీద ఉండిపోతుంది, దారం దాంట్లోంచి జారుతుంది, చేప అనుమానపడకుండా ఎర తీసుకుపోతుంది. అయిదో ఆరో అంకెలు నిదానంగా లెక్కపెట్టి, బెయిల్ మూసి, చేప బరువు తగిలేదాకా చుట్టి, రాడ్డును పక్కకు సాగదీయండి. కొరడాలా విసరకండి, సన్నని దారం తెగుతుంది. కొత్తవారు చేప పోగొట్టుకునేది ఇక్కడే: తగలగానే లాగుతారు.

చేపలు గుంపుగా కాక చెల్లాచెదరుగా ఉంటే బాటమ్ బౌన్సర్ మేలు. తీగకు బరువు పోసిన పనిముట్టు అది, వెనక తిరిగే రేకు, వానపాము. పది అడుగుల లోతుకు ఒక ఔన్సు చొప్పున బరువు, వేగం ఒకటి నుంచి ఒకటిన్నర మైలు, దారం నీళ్లలోకి 45 డిగ్రీల వాలులో దిగాలి. సాయంకాలం గుట్ట నెత్తి మీద, పది పన్నెండు అడుగుల్లో, జారుడు బెండు కట్టి నేలకు ఒక అడుగు పైన జలగను వేలాడదీస్తే పిల్లలకూ పడుతుంది. తల్లిదండ్రులతో వెళ్తే అదే వేయండి, వారికి అలవాటైన గాలం అది. టలిబీ చేపలను తరుముతూ నీళ్ల నడుమ తేలాడే పెద్ద వాలైల కోసం సీసపు తీగ ఉన్న దారంతో ట్రోలింగ్ (పడవ నడుపుతూ వెనక ఎర లాగడం) చేసేవారు ఉన్నారు. అది వేరే విద్య, ఈ వేసవికి మీకు అక్కర లేదు.

ఒక చోటును మాత్రం మరిచిపోకండి, నీటి మొక్కలు. వాలై అంటే రాళ్లూ లోతూ అనే మాట పాతుకుపోయి, నగరం చుట్టుపక్కల సరస్సుల్లో మొక్కల అంచును ఎవరూ వాలై కోసం చూడరు. వెడల్పాటి ఆకుల క్యాబేజీ వీడ్ పచ్చగా నిలబడి ఉన్న చోట, నీడలో, మధ్యాహ్నం కూడా వాలై ఉంటుంది. పావు ఔన్సు కన్నా తేలికైన జిగ్గుకు జలగ పెట్టి అంచు వెంట నిదానంగా దించి చూడండి.

బాస్ లెక్క వేరు, అందులో రెండు రకాలున్నాయి. లార్జ్‌మౌత్‌కు వెచ్చని నీరు ఇష్టం. వేడికి పారిపోయి లోతుకు పోదు. నీడ కోసం, తిండి కోసం దట్టమైన మొక్కల్లోకో, ఆ మొక్కల బయటి అంచుకో చేరుతుంది. తేట సరస్సుల్లో ఆ అంచు 12 నుంచి 18 అడుగుల దాకా దిగుతుంది, దానికి "లోతు" అంటే అంతే. అంచు తిన్నగా ఉన్నచోట కాక లోపలికి మడత పడిన మూలలో, బయటికి పొడుచుకొచ్చిన కొసలో నిలబడుతుంది. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్ (చేప ఆకారపు గట్టి ఎర) మొక్కల కొసలను రాసుకుంటూ పోవాలి. ఏదైనా తగిలి, విడిపించుకున్న ఆ క్షణంలోనే కొడుతుంది. స్మాల్‌మౌత్ రాతి మనిషి. 15 నుంచి 25 అడుగుల రాతి గుట్టల మీద రొయ్యల్లాంటి క్రేఫిష్‌లను ఏరుకుని తింటుంది. దానికి డ్రాప్ షాట్ కట్టండి: బరువు దారం చివర, దానికి అడుగు పైన కొక్కెం, కొక్కేనికి మూడు నాలుగు అంగుళాల ప్లాస్టిక్ పురుగు. బరువును నేల మీద ఉంచి దారాన్ని సన్నగా వణికించడం తప్ప ఏమీ చేయకండి. ఎక్కువ ఆడించడమే చాలామంది జబ్బు. మిల్ లాక్స్ వాలైకి పేరుపడ్డ సరస్సే అయినా అక్కడి స్మాల్‌మౌత్ ఇప్పుడు దేశంలోనే పేరున్నది.

ఇక మీ చేపలు వెల్లకిలా ఎందుకు తేలాయో చూద్దాం. వాలైకీ బాస్‌కూ కడుపులో గాలి సంచి ఉంటుంది, దానికి నోటి వైపు దారి లేదు. ట్రౌట్, కార్ప్ లాంటివి గాలిని నోట్లోంచి వదిలేయగలవు, ఇవి వదల్లేవు. నీళ్లలో సుమారు 34 అడుగులు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. అక్కడి నుంచి చేపను పైకి లాగితే ఆ సంచి రెండింతలకు ఉబ్బుతుంది. కళ్లు బయటికి పొడుచుకొస్తాయి, కొన్నిటికి పొట్ట నోట్లోకి తన్నుకొస్తుంది. కిందికి దిగలేక పైనే వెచ్చని నీళ్లలో ఎండకు కొట్టుకుని చస్తుంది. సూదితో పొడిచి గాలి తీయమని వీడియోల్లో చెప్పేవారున్నారు. లోపలి అవయవాలకు తగిలితే ఆ చేప వెళ్లినట్లు కనబడి తర్వాత పోతుంది. నేనైతే వద్దంటాను. చేయవలసింది ఒక్కటే. పట్టి వదిలే సరదాకు ఇరవై అయిదు అడుగుల కన్నా తక్కువ లోతులోనే ఉండండి. ముప్పై దాటి వేస్తే, పడ్డ చేప నిబంధనలకు లోబడి ఉంటే తీసుకుని, మీ లెక్క పూర్తవగానే గాలం చుట్టేయండి. లోతు నుంచి నిదానంగా లాగితే సర్దుకుంటుందనేది ఉత్త మాట, సంచి సర్దుకోవడానికి గంటలు కావాలి.

వెచ్చని నీళ్లలో వదిలిన చేప ఎక్కువగా చస్తుందని మిల్ లాక్స్ వాళ్లకు బాగా తెలుసు. అక్కడ ఏటా ఎంత వాలై పట్టవచ్చో 1837 ఒప్పందం హక్కులున్న ఎనిమిది ఓజిబ్వే తెగలు, రాష్ట్రం కలిసి నిర్ణయించుకుంటాయి. ఆ హక్కులను అమెరికా సుప్రీంకోర్టు 1999లో ఖాయం చేసింది. వదిలాక చచ్చిపోయే చేపలను కూడా ఆ లెక్కలోనే వేస్తారు. 2015లో రాష్ట్రం వాటా దాటిపోయి ఆగస్టు మొదట్లోనే వాలై వేటను మూసేశారు. అందుకని మిల్ లాక్స్ వెళ్లేముందు ఆ ఏడాది, ఆ నెల నియమాలు చూడకుండా బండి తీయవద్దు.

నియమాల్లో మనవాళ్లు ఎక్కువగా తడబడేవి కొన్ని. పదహారేళ్లు నిండిన దాదాపు ప్రతి ఒక్కరికీ లైసెన్సు కావాలి, ఒడ్డున కూర్చుని "ఊరికే పట్టుకున్న" బావగారికి కూడా. వేసవిలో మనిషికి ఒక్క గాలమే, రెండు వేయకూడదు. పొడవు పరిమితులున్న సరస్సులో పట్టిన చేపను తల, తోక, చర్మంతో కొలవడానికి వీలుగా ఇంటిదాకా తేవాలి, అక్కడే ముక్కలు చేయకూడదు. పడవ బయటికి తీయగానే అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వంచేయాలి, మొక్కలు ఏరేయాలి. మిగిలిన ఎరను సరస్సులో వదలకూడదు, వానపాములను అడవిలో పారబోయనూ కూడదు. మిన్నెసోటా నేలకు వానపాము సొంతది కాదు, బయటినుంచి వచ్చి అడవి నేలను పాడుచేస్తోంది. చెత్తబుట్టలో వేయండి. బరువులు సీసంవి కాక టంగ్‌స్టన్‌వో ఉక్కువో కొనండి. తెగిపోయిన చిన్న సీసపు గుండును మింగితే లూన్ పక్షి బతకదు.

సోనార్ గురించి అడిగారు. వేల డాలర్లు పోసి చేపలు కదిలేది సినిమాలా చూపించే యంత్రం మీకు వద్దు. అయిదంగుళాల తెర, లోతు, జీపీఎస్ ఉన్న మామూలుది చాలు. మీకు కావలసింది మూడే: హద్దు చార, నేల లోతు, నేల గట్టిదా మెత్తదా. నేల గీత మందంగా, కింద రెండో గీతతో వస్తే గట్టి నేల. పలుచగా, మసకగా వస్తే బురద. మిగిలిన డబ్బు పెట్టి పడవకు చిన్న ఎలక్ట్రిక్ మోటారు కొనుక్కోండి, గీత వెంట నిదానంగా పోవడానికి అదే ఎక్కువ ఉపయోగం. ఎవరో పెట్టిన ఫొటో వెనక కనబడే ఒడ్డును గుర్తుపట్టి అక్కడికే పరుగెత్తడం కన్నా అది నయం.

పడవ అసలు లేని సాయంత్రాలకు, లోతు ఒడ్డుకు దగ్గరగా ఉండే ఫిషింగ్ పియర్లు వెతకండి. డీఎన్‌ఆర్ మ్యాపుల్లోనే గుర్తు ఉంటుంది. పియరు కొస నుంచి మొక్కల అంచు అందితే, చీకటి పడ్డాక జారుడు బెండు, జలగ. జులైలోనూ చేప ఒడ్డుకు వస్తుంది, పగలు రాదు, అంతే తేడా.

పులుసు సంగతి. వాలై తెల్లని, కొవ్వు తక్కువ ఉన్న మాంసం. ముక్క రేకులు రేకులుగా విడిపోతుంది. మామూలుగా మరిగిస్తే పులుసులో ముక్క మిగలదు. చేయాలనే ఉంటే చర్మం తీయకుండా పెద్ద ముక్కలు కోసి, పులుసు చిక్కబడ్డాక చివర వేసి, గరిటె పెట్టకుండా గిన్నెను పట్టి తిప్పుతూ అయిదారు నిమిషాల్లో దించేయండి. నా మటుకు వాలైని వేపుడుకే ఉంచుతాను. బియ్యప్పిండి, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం, పెనం మీద కొంచెం నూనె. పులుసుకు నార్తర్న్ పైక్ మేలు, గట్టి ముక్క, వై ఆకారపు ముళ్లు ఉంటాయి కానీ ముళ్లు ఏరుకుని తినడం మనకు చెప్పాలా! పగటిపూట మొక్కల అంచున చిన్న పైక్‌లు విసుగు లేకుండా పడతాయి, రాష్ట్రంలో ఏ జోన్‌లో ఏ కొలత ఉంచుకోవచ్చో మాత్రం నిబంధనల పుస్తకంలో చూసుకోండి. గర్భిణులు, పిల్లలు ఇంట్లో ఉంటే పాదరసం విషయంలో రాష్ట్ర ఆరోగ్య శాఖ సరస్సులవారీగా ఇచ్చే సూచనలు చదివి, నెలకు ఎన్నిసార్లు తినవచ్చో చూసి వండండి. వాలై, పైక్, పెద్ద బాస్ మూడూ ఇతర చేపలను తినేవే కాబట్టి ఈ జాగ్రత్త మూడింటికీ కావాలి. చేప పెద్దదయ్యే కొద్దీ పాదరసం ఎక్కువ, అందుకే వంటకు పదిహేను నుంచి పద్దెనిమిది అంగుళాల వాలై సరిపోతుంది.